అమావాస్య నాడు అతికిన పడుగు

తొమ్మిదో భాగం

నాకు పంచాంగం అక్కరలేదు. ఈ మాట నేను యాభై ఏళ్ళుగా అంటున్నాను, ఇంతవరకూ మా వీధిలో ఎవరూ కాదనలేదు. గాఢనిద్రలో తట్టి లేపి అడగండి, ఇవాళ ఏ తిథో చెప్పి మళ్ళీ అటు తిరిగి పడుకుంటాను. ఒకసారి మా పురోహితుడు తన కళ్ళజోడు మీద తానే కూర్చుని విరగ్గొట్టుకున్నాడు. మద్రాసు నుంచి కొత్తది వచ్చేదాకా మూడు నెలలపాటు చుట్టుపక్కల పెళ్ళి ముహూర్తాలన్నీ నా నోటి లెక్క మీదే నడిచాయి. ఆ జంటల్లో ఒక్కటి కూడా ఈనాటికీ కొట్లాడుకోలేదు. కొట్లాడుకున్నవాళ్ళు నాకు ఎదురుపడకుండా పక్క సందులోంచి పోతారు, అది వేరే సంగతి. రోజుల లెక్కలో కోదండరామయ్య తప్పడు. ఇది రాసి పెట్టుకోండి. రెండు పేజీల తరువాత పనికొస్తుంది.

మణవాళనగర్ నుంచి ఒక తల్లి ఉత్తరం రాసింది. "తాతా, మీ కథ ప్రతి వారం చదువుతున్నాను. ఇందులో నిజమెంత, మీరు కలిపిందెంత? చివర్లో చెప్పేస్తే మా ఇంట్లో తగాదా తీరుతుంది" అని. సరేనమ్మా. ఈ వారం నుంచి చివర్లో చెప్పేస్తాను. కానీ ముందే చివరికి పోయి చూడకూడదు, ఒట్టు.

పోయిన వారం ఎక్కడ ఆపాను? ఎనభై అయిదో సంవత్సరం, తిరుత్తణి దగ్గర మా మగ్గాల వీధి. శివరామయ్య కొట్టంలో పన్నెండు మగ్గాలు, పన్నెండో మగ్గం నాది. ఢిల్లీలో ఆఫీసులకు ఇకమీద వారానికి అయిదు రోజులే పని అని అరవ పేపర్లో పడింది. ఆ ముక్క పక్క మగ్గం సుబ్బన్న గట్టిగా చదివినప్పుడు మా కొట్టంలో అటూ ఇటూ పోగు మోసే నాడెలన్నీ ఒక్క క్షణం గాలిలో ఆగిపోయాయి. వారానికి రెండు రోజులు సెలవు! మాకు నెలకు ఒకటి, అమావాస్య. ఆ రోజు మగ్గం ముట్టరు. తక్కిన రోజులన్నీ, ఆదివారమైనా, ఆడికృత్తిక పండగైనా, చేతులు మగ్గం మీదే.

అప్పుడే వజ్రమ్మ లేచి, "మామా, మాకు రెండొద్దు, శనివారం ఒక్కటి ఇయ్యండి" అని శివరామయ్యను అడిగేసింది. అయిదో మగ్గం వజ్రమ్మ. పెళ్ళయి రెండేళ్ళు. మొగుడు తణికాచలం గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ పనికి పోయి అక్కడే గదిలో ఉంటాడు. కరెంటు చాలక అప్పట్లో ఫ్యాక్టరీలకు తలా ఒక రోజు సెలవు వంతులేసేవారు. తణికాచలానికి పడింది శనివారం. శుక్రవారం సాయంత్రం బండికి వస్తాడు, ఆదివారం కోడి కూయక ముందే బండెక్కుతాడు. మధ్యలో ఉన్న ఆ ఒక్క శనివారం వజ్రమ్మ కొట్టంలో ఉంటుంది. అతను ఇంట్లో అన్నం వండి, క్యారియర్ తెచ్చి కొట్టం కిటికీలోంచి అందించి పోతాడు. శనివారమూ అమావాస్యా కలిసి వచ్చింది రెండేళ్ళలో మూడే మూడు సార్లు. ఆ మూడు రోజులే వాళ్ళ కాపురం.

శివరామయ్య చెడ్డవాడు కాడు. "ఢిల్లీలో కాగితం ఒక పొద్దు ఆలస్యమైతే ఎవురికీ చలి పెట్టదు. గుడ్డ ఆలస్యమైతే పెడతాది" అన్నాడు. తరువాత షరతు పెట్టాడు. "ఇప్పుడు పొద్దుకొక చీర, వారానికి ఏడు. అదే ఏడు ఆరు పొద్దుల్లో దించి చూపించండి. పన్నెండు మగ్గాలూ దించాల. శనివారం మీది. ఒక్క మగ్గం తగ్గినా, శనివారమనే మాట ఈ కొట్టంలో మళ్ళా ఇనపడగూడదు." ఏ వారమో తేల్చమని అందరూ నా వైపు తిరిగారు. నేను మీసం దువ్వి, "రేపు ఆదివారం మొదలు శుక్రవారం దాకా. అమావాస్య ఆ పై ఆదివారం గానీ రాదు. మధ్యలో ఏ అడ్డూ లేదు" అని చెప్పాను. పోయిన వారం అక్కడ ఆపాను.

ఇక వినండి.

ఆదివారం తెల్లవారకముందే పన్నెండు మగ్గాలకూ కొత్త పడుగులు, అంటే చీర నిలువు పోగులు, ఎక్కించాము. మా కొట్టంలో పడుగు పొడవు నాలుగు చీరలకు సరిపోతుంది. అది అయిపోతే, కొత్త పడుగు తెచ్చి, పాత పడుగు కొసల్లో ఒక్కొక్క పోగుకు కొత్త పోగు కలిపి మెలేసి అతకాలి. మగ్గానికి రెండు వేల నాలుగు వందల పోగులు. ముగ్గురు చేతులు వేసినా ఒక పూటంతా పడుతుంది, నడుం పడిపోతుంది.

మంగళవారం సాయంత్రానికి, మూడు రోజుల్లో, మగ్గానికి నాలుగు చీరలు దించేశాము. పడుగులన్నీ ఒకేసారి అయిపోయాయి. ఇంకా మూడు రోజులు ఉన్నాయి, మూడే చీరలు. అతకడానికి ఒక పూట పోయినా దర్జాగా గెలుస్తాము! సుబ్బన్న నాడెను నెత్తిన పెట్టుకుని గెంతులు వేశాడు. వజ్రమ్మ నవ్వు దాచుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ కేకలు విని, కొట్టం పక్కనే ఉన్న ఇంటి అరుగు మీద నుంచి రంగనాయకమ్మ గొంతు లేచింది. శివరామయ్య తల్లి. ఎనభై దాటింది, చూపు పోయి పదిహేనేళ్ళు.

"ఏందిరా, రేపు అమావాస్య పెట్టుకొని ఈ గోల?"

సుబ్బన్న నాడెను నెత్తి మీద నుంచి దించాడు.

"అమావాస్య ఆదివారం గదా పెద్దమ్మా" అన్నాను నేను, గొంతు కొంచెం పెంచి.

"ఎవురు చెప్పినారు?"

"నేనే చెప్పినాను."

"పొద్దున వీధిలో అవిసాకు అమ్మే ఆమె అరిచిపోయింది, ఇనలేదా? ఆవులకు అవిసాకు అమావాస్యకు గాకపోతే దేనికి పెడతారురా? కండ్లు పోయింది నాకా, నీకా?"

సుబ్బన్న పరిగెత్తి శివరామయ్య ఇంట్లో గోడ క్యాలెండరు చూసి వచ్చాడు.  నా వైపు చూసి, "రేపే" అన్నాడు.

ఇప్పుడు మొదటి పేరా గుర్తు చేసుకోండి. నవ్వుకోండి, పరవాలేదు, నేనూ నవ్వుకుంటున్నాను. ఆనాడు మాత్రం నాకు కాళ్ళు దించి నేసే మగ్గం గుంట ఇంకో నిలువెత్తు లోతుకు దిగినట్టయింది. ఎలా తప్పానో చెబుతాను, ఇది మగ్గం మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. మేము రోజులను చీరలతో లెక్కపెడతాము. అమావాస్య మరునాడు ఒకటో చీర, ఆ పైరోజు రెండోది. ఇరవై తొమ్మిదో రోజు మళ్ళీ అమావాస్య. శనివారం నాడు నేను ఇరవై ఒకటో చీర దించాను. ఇంకా ఎనిమిది, అంటే పై ఆదివారం అన్నాను. కానీ ఆ నెల నూలు లారీ రాక నాలుగు రోజులు మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ సూర్యుడు ఉదయించాడు, అస్తమించాడు, నేను మూడు పూటలా తిన్నాను కూడా. అయినా చీర దిగలేదు కాబట్టి అవి నా లెక్కలోకే రాలేదు. ఆకాశంలో చంద్రుడు మాత్రం నూలు లారీ కోసం ఆగలేదు.

"శివరామయ్య ముదలాళి దగ్గరకు పోయి వారం మార్చమని అడుగుదాము" అన్నాడు సుబ్బన్న.

శివరామయ్య అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు. "వారం ఎంచింది నేను గాదు. కోదండరామన్న ఎంచినాడు. మాటంటే మాట" అన్నాడు. ఆయన గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు. నా ముఖం చూడడానికి ఆయనకే ఇబ్బందిగా ఉంది.

లెక్క అందరికీ అర్థమైంది. బుధవారం మగ్గం ముట్టకూడదు. గురువారం ఒక పూట అతకడానికే పోతుంది. మిగిలిన ఒకటిన్నర రోజులో మూడు చీరలు మానవమాత్రులకు సాధ్యం కాదు. ఒక్కొక్కరూ తలకట్టు విప్పి దులుపుకుని ఇళ్ళకు కదిలారు. నేను కదలలేదు. వజ్రమ్మ కదలలేదు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అని ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. తన మగ్గంలో పోగులను విడివిడిగా పట్టి ఉంచే అచ్చును వేలితో తట్టి చూసి, నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది.

"తాతా, పోగులు అట్లనే ఉండంగా అచ్చును మగ్గం మీద నుంచి ఊడదీయను అవుతుందా?"

"అవుతుంది. మా కాలంలో ఇల్లు మారేటప్పుడు అట్లనే చుట్టుకొని పోయేవాళ్ళం. ఎందుకు?"

"పొద్దు గుంకను ఇంకెంత సేపుండాది?"

"గంట ఉండాదేమో."

"సుబ్బన్నా!" అని వీధిలోకి పరిగెత్తింది.

*

బుధవారం. సూర్యుడు ఇంకా పూర్తిగా రాలేదు. స్నానం చేసి, నుదుట మూడు పట్టెలు పెట్టుకుని, కొట్టం తాళంచెవి చేత్తో పట్టుకుని శివరామయ్య అమావాస్య పూజకు వాకిలి దాటాడు. దాటినవాడు అక్కడే ఆగిపోయాడు.

వీధికి రెండు వైపులా ఉన్న అరుగుల మీద పన్నెండు అచ్చులు పరిచి ఉన్నాయి. ఒక్కొక్క అచ్చు లోంచి పాత పడుగు కొసలు జానెడు మేర వేలాడుతున్నాయి. వాటికెదురుగా కొత్త పడుగులు, పసుపూ కుంకుమరంగూ నీలమూ, వెదురు కర్రల మీద ఈ కొస నుంచి ఆ కొసకు సాగి ఉన్నాయి. ప్రతి అచ్చు దగ్గరా ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు. మా కొట్టంలో పనిచేసేవాళ్ళే కాదు, వీధి వీధంతా వచ్చింది. మధ్యలో వజ్రమ్మ, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో విభూతి. పోగులు అతికేటప్పుడు వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటాము. ఆ రోజు కోసం ఆ పిల్ల తెల్లవారుజామునే తిరుత్తణి కొండ మెట్లన్నీ ఎక్కి స్వామి విభూతి తెచ్చింది. మూడు వందల అరవై అయిదు మెట్లు, ఎక్కడా కూర్చోకుండా.

"ఏందమ్మే ఇది?" అన్నాడు శివరామయ్య.

"కొట్టం తాళం మీ చేతిలోనే ఉండాది మామా. అచ్చులు నిన్న పొద్దు గుంకక ముందే ఊడదీసినాము, ఈ పొద్దు మేమెవురూ మగ్గం ముట్టలేదు."

"అచ్చు మగ్గం గాదా?"

"మగ్గం మీదుంటే మగ్గం. అరుగు మీదుంటే దువ్వెన."

అరుగుల మీద కిసకిస నవ్వులు పుట్టాయి. శివరామయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"ఎగతాళా? మా నాయన కాలం నుంచి ఈ వీధిలో అమావాస్య పొద్దు నూలు ముట్టిందే లేదు. ఊరంతా కలరా వచ్చి పడిన ఏడు గూడా ముట్టలేదు."

"కలరాకు మొగుడు ఊరినించి రాడు గదా మామా" అంది ఎవరో వెనక నుంచి. ఎవరో కాదు, సుబ్బన్న పెళ్ళాం.

శివరామయ్య నవ్వలేదు. ఒక మెట్టు దిగి వజ్రమ్మ దగ్గరకు వచ్చాడు.  కోపంగా అడిగి ఉంటే ఎవరో ఒకరం జవాబు చెప్పేవాళ్ళం. ఆయన మెల్లగా అడిగాడు.

"అమ్మే, మీరడిగేది లీవు. ఉండేది నెలకొక లీవు. ఆ పొద్దు గూడా పనిజేసి, మాకు లీవు గావాల అంటా ఉండారు. శనివారం ఇస్తాననే అనుకో. ఆ మీదట ఇంకొక తూరి లారీ రాదు, ఇంకొక పడుగు నిలిచిపోతాది. ఆ శనివారం గూడా ఇట్లనే అరుగుల మీద పరుస్తారు. పని తగ్గాలని అడిగేవాళ్ళు పనిని ఇంటికి తెచ్చుకుంటే ఎట్లమ్మా?"

న్యాయమైన మాట.  ఢిల్లీలో ఉన్నవాళ్ళు దీనికి ఏమని చెప్పేవారో నాకు తెలియదు. వజ్రమ్మ పళ్ళెంలో విభూతిని వేలితో చదును చేసింది. 

"మీరు చెప్పింది నిజమే మామా" అంది. "ఈ పొద్దు నాకు ముళ్ళమీద కూర్చున్నట్టే ఉండాది. చిన్నప్పటి నుంచి అమావాస్య నాడు నూలు ముట్టి ఎరగను. ఉండే ఒక్క పొద్దును ఇచ్చేస్తా ఉండాను. దీనికి బదులు ఏడాదికి యాభై రెండు పొద్దులు వస్తాయంటే ఇచ్చేదానికి ఒప్పుకున్నాను. ఇంకెప్పుడూ ఇయ్యను. శనివారం వచ్చినాక నా అరుగు మీద ఎవురన్నా పోగు పరిస్తే నేనే తెంచేస్తాను."

"శివరామా."

అరుగు మీద నుంచి రంగనాయకమ్మ పిలిచింది. "నన్ను కిందికి దించరా."

ఆయన వెళ్ళి చెయ్యి పట్టుకుని దించాడు. ఆమె పాదంతో నేల తడుముకుంటూ వచ్చి, చెయ్యి గాలిలో ఆడించి, చేతికి తగిలిన పడుగు దగ్గర ఆగింది. అది నా పన్నెండో మగ్గం పడుగు.

"అమావాస్య ఎందుకు పెట్టినారో తెలుసునా నీకు?" అంది కొడుకుతో.

"పితృదేవతల పొద్దు గదమ్మా."

"అది దేవుళ్ళకు. నాకు ఎందుకో చెప్తా ఇను. నన్ను ఈ వీధికి తెచ్చినప్పుడు పదమూడేండ్లు. మీ నాయన చీకట్లోనే మగ్గం గుంటలో దిగేవాడు. చీకటి పడినాక ఎక్కేవాడు. నేను వెనకింట్లో రాట్నం దగ్గర. పెండ్లయిన మూడో నెలలో అమావాస్య వచ్చింది. ఆ పొద్దు మీ నాయన పగటిపూట వాకిట్లో కూర్చోని తల దువ్వుకుంటా ఉన్నాడు. అప్పుడు చూసినాను, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉండాదని. మూడు నెల్లు కాపురం చేసి నా మొగుడికి మచ్చ ఉండేది నాకు తెలీదురా."

వజ్రమ్మ పళ్ళెం పట్టుకుని ఆమెకు దగ్గరగా వచ్చింది.

"లోకమంతా చీకటి పొద్దు అంటారు అమావాస్యను. మీ నాయన మొగం నేను వెలుతురులో చూసింది ఆ పొద్దే. నెలకొక తూరి. ఇప్పుడు నాకు కండ్లు లేవు. కండ్లు మూస్తే ఆయన కనిపించేది గూడా ఆ అమావాస్య వెలుతురులోనే. ఈ పిల్ల నెలకొకటి చాలదు, వారానికొకటి గావాల అంటా ఉండాది. నాకు ఆ బుద్ధి పుట్టలేదు. పుట్టింటే నేనూ అడిగేదాన్ని." కొంచెం ఊపిరి తీసుకుని, "ఏదమ్మే, ఆ పళ్ళెం ఇట్లా పెట్టు" అంది.

వజ్రమ్మ పళ్ళెం ఆమె చేతికి తగిలేలా పెట్టింది. రంగనాయకమ్మ బొటనవేలూ చూపుడువేలూ అందులో అద్దుకుంది. నేల మీద కూర్చుని పాత కొస ఒకటి, కొత్త కొస ఒకటి పట్టుకుంది.

ఆ తరువాత చూసింది ఎలా రాయాలో ఈ మూడేళ్ళుగా ఆలోచిస్తున్నాను.

ఆ వేళ్ళు పదిహేనేళ్ళుగా పోగు ముట్టలేదు. అన్నం కలుపుకోవడానికే వణికేవి. పోగు తగలగానే వణుకు ఎక్కడికి పోయిందో తెలియదు. తాకింది, కలిపింది, మెలేసింది, వదిలింది. తాకింది, కలిపింది. చూపున్నవాళ్ళం మేము ఒక్కొక్క పోగును కళ్ళతో వెతుక్కోవాలి. ఆమె వెతకడం లేదు. పోగే వచ్చి ఆమె వేళ్ళ మధ్య నిలబడుతున్నట్టు ఉంది. ముఖం మాత్రం పైకెత్తి ఆకాశం వైపు పెట్టుకుంది. రంగు కనపడని ఆవిడ, పసుపు పోగుకు పసుపునూ నీలానికి నీలాన్నీ ఎలా కలుపుతోందో అని వంగి చూశాను. "రంగు ఎక్కినాక నూలు బరువు మారతాదిరా కోదండరామా, నీలం గరుగ్గా ఉంటాది" అంది, నేను అడగకుండానే.

నాకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. మగ్గం గురించి నాకు తెలియనిది లేదని అనుకునేవాణ్ణి. పక్కనే కూలబడి చేతులు జోడించాను. ఎవరికి జోడించానో అప్పుడు ఆలోచించలేదు.

తక్కిన అరుగుల మీద కూడా పని మొదలైంది. ఎవరూ చెప్పలేదు. మాట లేదు, పాట లేదు. నలభై మంది ఆడవాళ్ళ వేళ్ళు ఒక్కసారి కదిలితే చప్పుడు ఎలా ఉంటుందో తెలుసా? ఎండుటాకుల మీద సన్నని తుంపర పడినట్టు ఉంటుంది. నాకు తెలిసిన మగ్గాల వీధికి ఎప్పుడూ టకటకలే. అంత నిశ్శబ్దంగా పని జరగడం నా జన్మలో అదే మొదలు. మా వీధి నుంచి తిరుత్తణి స్టేషనులో బండి కూత వినపడుతుందని కూడా నాకు ఆ రోజే తెలిసింది. అయిదు మైళ్ళ దూరం.

పొద్దెక్కే వేళకు, రంగనాయకమ్మ అతుకుతున్న పడుగు రెండో కొస పట్టు చాలక జారిపోసాగింది. పట్టుకునే చెయ్యి ఖాళీగా లేదు. శివరామయ్య అప్పటిదాకా తన వాకిలి మెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. తాళంచెవి మొలలో దోపుకున్నాడు. వెళ్ళి ఆ కొస రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. తల్లికి ఎదురుగా, పాతిక గజాల దూరంలో. సాయంత్రం దాకా లేవలేదు.

పన్నెండు మగ్గాలు, మగ్గానికి రెండు వేల నాలుగు వందలు. ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందల అతుకులు. పొద్దు గుంకే లోపల అయిపోయాయి. ఒక్కటి కూడా ఊడలేదు.

*

గురువారం, శుక్రవారం గురించి ఎక్కువ చెప్పను. అన్నం నిలబడి తిన్నాము. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు ఒకటో మగ్గం ఏడో చీర దించి ఆగింది. తరువాత మూడోది. వజ్రమ్మది. సుబ్బన్నది. ఒక్కొక్కటే ఆగుతూ వచ్చి పదకొండు మగ్గాలు ఆగాయి. ఆడుతున్నది ఒక్కటే, ఎవరిదో మీకు తెలుసు. వారం లెక్క తప్పినవాడిదే. మూరెడు గుడ్డ మిగిలి ఉంది. మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి.

ఇంకొకరు దిగి నేయడానికి లేదు. ఎవరి మగ్గం వాళ్ళదే అని మాట. అందరూ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. యాభై ఏళ్ళుగా నేను మగ్గాల మధ్య మగ్గాన్ని, నా మగ్గం గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఒంటరిగా విన్నాను. సన్నగా ఉంది. చివర్లో చిన్న దగ్గు ఉంది, అచ్చం నాలాగే. ఆ దగ్గుకు తగ్గట్టు కాలు వేస్తూ పోయాను. దీపం పెట్టడానికి శివరామయ్య కోడలు అగ్గిపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. దీపం వెలిగితే మా గడువు తీరినట్టే, ఆమె పుల్ల గీయకుండా ఆగింది. నేను చూశాను.

చీర దింపాను.

శివరామయ్య చేత్తో తీసుకుని కిటికీ వెలుతురులో పెట్టి భూతద్దంతో ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. ఎక్కడైనా పలుచన ఉంటే ఆయన కంటికి తప్పదు. ఆ పైన నా అయిదో చీర విప్పి, అతుకు దగ్గర మాత్రం అద్దం పక్కన పెట్టి వేలితో తడిమాడు. అది ఆయన తల్లి అతికిన చోటు.

"శనివారం మీది" అన్నాడు. అంత మాత్రమే అని బయటకు నడిచాడు.

కొట్టం అరుపులతో ఊగిపోయింది. వజ్రమ్మ మాత్రం అరవలేదు. తన ఏడో చీర గుండెకు హత్తుకుని గుమ్మం వైపు చూసింది. అక్కడ తణికాచలం నిలబడి ఉన్నాడు, భుజాన సంచితో. సాయంత్రం బండి దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. "బావా, రేపు నువ్వు క్యారియర్ తేవద్దు!" అని ఒక్క కేక వేసి, రంగనాయకమ్మకు చెప్పడానికి పక్కింటి అరుగు వైపు పరిగెత్తింది.

తణికాచలం నా దగ్గరకు వచ్చి గుంట పక్కన కూర్చున్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. నాకు ఇంగ్లీషు రాదని తెలుసు కాబట్టి తానే చెప్పాడు.

"కరెంటు వంతులు మార్చినారు తాతా. వచ్చే వారం నించి మా ఫ్యాక్టరీకి శనివారం లీవు లేదు. మంగళవారం."

బయట వజ్రమ్మ నవ్వు వినపడుతోంది. రంగనాయకమ్మ ఏదో అడుగుతోంది, ఈమె ఏదో చెబుతోంది.

"రేపటి శనివారం మాత్రం మాదే" అన్నాడు తణికాచలం. "తాతా, నువ్వే చెప్పు. ఇప్పుడే చెప్పేసేదా? రేపటి పొద్దు గడిచినాక చెప్పేదా?"

ఏ తిథి అడిగినా నిద్రలో లేచి చెప్పేవాణ్ణి నేను. ఆ సాయంత్రం కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెడుతూ ఉండిపోయాను. వజ్రమ్మ అడుగుల చప్పుడు కొట్టం వైపు తిరిగింది.

మణవాళనగర్ తల్లీ, మాట ఇచ్చాను కాబట్టి చెబుతున్నాను. ఈ వారం నేను కలిపింది విభూతి. వజ్రమ్మ కొండ ఎక్కలేదు. ఆ పళ్ళెంలో ఉన్నది సుబ్బన్న ఇంటి పొయ్యిలో బూడిద, అందులో ఒక చింతపిక్క కూడా ఉంది. రంగనాయకమ్మ వేళ్ళు నిజం, ఆ పుట్టుమచ్చ నిజం. ఆ కాగితం కూడా నేను కలిపిందే అని రాయాలని ఈ పూటంతా కలం పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోయాను. కలిపింది విభూతి ఒక్కటే.